రెవ్-ఎర్బ్ రిసెప్టర్లను లేపే మందు ఎస్‌ఆర్9009 వేస్తే కాలేయ కణాల్లో కొవ్వు తగ్గుతోంది, రెవ్-ఎర్బ్ ఆల్ఫాను దించాక వేసినా అంతే తగ్గుతోంది. దీన్ని ఎలా చదవాలి?

లిపిడ్‌లెక్క:

హెప్‌జీ2 అనే మానవ కాలేయ కణాలు, 400 మైక్రోమోలార్ ఓలియేట్, దాంతోపాటే 10 మైక్రోమోలార్ ఎస్‌ఆర్9009, 24 గంటలు. ఆయిల్ రెడ్ ఓ పట్టించి, రంగును ఐసోప్రొపనాల్‌లోకి దించి చదివితే మందు లేకుండా దాన్ని కరిగించే డీఎంఎస్‌ఓ మాత్రమే వేసిన వెల్స్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ వస్తోంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ రెవ్-ఎర్బ్ నొక్కి ఉంచాల్సిన, కణాల రోజువారీ గడియారపు జీన్ బీమాల్1 ఎంఆర్‌ఎన్‌ఏ పెద్దగా కదలడం లేదు. పైగా రెవ్-ఎర్బ్ ఆల్ఫా జీన్ అయిన ఎన్‌ఆర్1డీ1 మీద ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ వేసి, క్యూపీసీఆర్‌లో 70 శాతం దాకా దించాక కూడా మందు వేస్తే కొవ్వు అంతే తగ్గుతోంది. నాక్‌డౌన్ చాల్లేదు, ఇంకా దించమని గైడ్ గారి సలహా.

రెండు సందేహాలు. ఒకటి, ఇది రెవ్-ఎర్బ్ పనేనని చెప్పాలంటే ఇంకా ఏం చేయాలి? రెండు, థీసిస్ మొదటి అధ్యాయంలో ఆర్ఫన్ న్యూక్లియర్ రిసెప్టర్లకూ (సహజంగా అతుక్కునే అణువు ఏదో తెలియకుండానే దొరికినవి) మెటబాలిక్ జబ్బులకూ ఉన్న సంబంధం రాయాలి. ఎలుకల సంగతులు కుప్పలుగా దొరుకుతున్నాయి. మనుషుల్లో గట్టిగా రుజువైనవి ఏవి?

ఆర్‌ఓఆర్‌ఈ_17:

70 శాతం అన్నది ఆల్ఫా లెక్క. మరి బీటా? దాని జీన్ ఎన్‌ఆర్1డీ2 అలాగే ఉంటే ఆల్ఫా లేని లోటును చాలామటుకు అదే పూడుస్తుంది. ఎలుకల్లో ఒక్క ఆల్ఫాను తీసేస్తే గడియారం కాస్త తడబడుతుంది తప్ప ఆగదు. రెండూ తీసేశాక గానీ అసలు బొమ్మ కనబడలేదు, అది 2012లో. అందుకని ఆల్ఫాను 95 శాతానికి దించినా మీ ప్రశ్నకు జవాబు రాదు.

అంతకన్నా పెద్ద చిక్కు మందులోనే ఉంది. ఆల్ఫా, బీటా రెండూ లేని ఎలుక స్టెమ్ సెల్స్‌లోనూ హెపటోసైట్లలోనూ ఎస్‌ఆర్9009 వేసి చూసిన పని 2019లో వచ్చింది. కణాలు బతికే తీరు దెబ్బతింది, మెటబాలిజం మారింది, ఏ జీన్ ఎంత పనిచేస్తుందో అదీ మారింది. పట్టుకోవడానికి రిసెప్టరే లేని చోట ఇదంతా. మీ ప్లేట్‌లో జరుగుతున్నది కూడా ఆ కోవదే కావచ్చు. ఆర్ఫన్ రిసెప్టర్ల విషయంలో ముందు రిసెప్టర్‌ను రుజువు చేసుకుని తర్వాత మందు గురించి మాట్లాడాలి. మనవాళ్లు చాలాసార్లు తిరగేసి చేస్తారు.

బీమాల్1 ఎందుకు కదలలేదో చూద్దాం. రెవ్-ఎర్బ్‌కు లైగాండ్ (రిసెప్టర్‌కు అతుక్కునే అణువు) పట్టే భాగం చివర ఉండాల్సిన 12వ హెలిక్స్ లేదు. అందుకే జీన్‌ను లేపే కోయాక్టివేటర్లను అది పిలవలేదు. ఎన్‌కోర్ అనే తోడు ప్రోటీన్‌ను, దాని వెంట హెచ్‌డాక్3 అనే ఎంజైమ్‌ను తెచ్చి జీన్‌ను నొక్కి ఉంచడమే దాని పని. 2007లో తేలిన దాని సహజ లైగాండ్ హీమ్. ఆల్ఫాలో 602వ హిస్టిడిన్, 418వ సిస్టీన్ ఆ హీమ్‌ను పట్టుకుంటాయి. హెప్‌జీ2 కణం తన హీమ్ తానే చేసుకుంటుంది. సీట్లన్నీ నిండిన బస్సుకు ఇంకో పది మంది టికెట్ కొన్నట్టు, అప్పటికే హీమ్ కూర్చున్న రిసెప్టర్ మీద బయటి మందు చూపించగలిగేది తక్కువే కావచ్చు. మీ బీమాల్1 కదలిక చిన్నగా ఉండటానికి అది ఒక కారణం.

రెండో కారణం టైమింగ్. మీ కణాలు సింక్రనైజ్ చేసినవి కావు కదా. ఒక్కో కణం గడియారం ఒక్కో గంట చూపిస్తుంటే మీరు కొలిచేది సగటు. అది చాలదన్నట్టు మీడియం మార్చడమే ఒక రీసెట్. మందు వేసిన ప్లేట్‌కు, కంట్రోల్ ప్లేట్‌కు మీడియం మార్పు అరగంట తేడాతో జరిగినా 24వ గంట దగ్గర అది కనబడుతుంది. 100 నానోమోలార్ డెక్సామెథసోన్ ఒక గంట, లేదా 10 మైక్రోమోలార్ ఫోర్స్‌కోలిన్ ఇచ్చి, కడిగి, 24వ గంట నుంచి 48 దాకా నాలుగేసి గంటలకోసారి నమూనా తీయండి. కాలేయ కణాల్లో డెక్సామెథసోన్ తానే గ్లూకోజ్, కొవ్వు జీన్లను కదిపేస్తుంది కాబట్టి కొవ్వు కొలిచే ప్రయోగానికి నా ఓటు ఫోర్స్‌కోలిన్‌కే. అదీ పూర్తిగా అమాయకురాలు కాదు, సైక్లిక్ ఏఎంపీ పెంచుతుంది. కాబట్టి ఫోర్స్‌కోలిన్ ఇచ్చి మందు ఇవ్వని ప్లేట్ తప్పనిసరి. ఇంకోటి, హెప్‌జీ2లో లయ బలహీనం. లయ చూపించాలంటే బీమాల్1 ప్రమోటర్ లూసిఫరేజ్ ఉన్న యూ2ఓఎస్ కణాల దగ్గరికి వెళ్లక తప్పదు.

మోతాదు సంగతి. 2012 నాటి కొలతల్లో ఎస్‌ఆర్9009 సగం ప్రభావం చూపే గాఢత ఆల్ఫాకు 670 నానోమోలార్, బీటాకు 800. మీరు వాడుతున్నది దానికి 15 రెట్లు. 0.3, 1, 3, 10 మైక్రోమోలార్ నాలుగూ పెట్టి కొవ్వుకు ఒక గీత, బీమాల్1కు ఒక గీత గీయండి. బీమాల్1 ఒక మైక్రోమోలార్ దగ్గరే దిగిపోయి, కొవ్వు మాత్రం 10 దగ్గర గానీ కదలకపోతే ఆ రెండింటి వెనక ఉన్నది ఒకే టార్గెట్ అనడం కష్టం.

రెండో మందుతో సరిచూడమని రివ్యూయర్లు అడుగుతారు. చాలామంది జీఎస్‌కే4112 తెచ్చి, అదే ఫలితం వచ్చిందని రాసేస్తారు. రెండు అణువుల బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూడండి: ఒకే నత్రజని మీద క్లోరోబెంజైల్, నైట్రోథయోఫీన్ రెండింట్లోనూ ఉన్నాయి. ఎస్‌ఆర్9009 పుట్టిందే జీఎస్‌కే4112 నుంచి. ఒకే ఇంటి పిల్లలు ఒకే మాట చెబితే రెండు సాక్ష్యాలు అవవు. ఈ వంశంలో ఎల్‌ఎక్స్‌ఆర్ ఆల్ఫా అనే వేరే రిసెప్టర్‌ను కూడా తాకే అలవాటు ఉందని దాన్ని వదిలించడానికే తర్వాత కొత్త అణువులు చేశారు. కాబట్టి ఎల్‌ఎక్స్‌ఆర్ లేపే జీన్లు ఏబీసీఏ1, ఎస్‌ఆర్‌ఈబీఎఫ్1 ప్రైమర్లు కూడా అదే సీడీఎన్‌ఏ మీద పెట్టండి. ఏబీసీఏ1 పైకి లేస్తే మీరు చూస్తున్న దాంట్లో ఎల్‌ఎక్స్‌ఆర్ వాటా ఉంది.

ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ సీక్వెన్స్ ఎక్కడ కూర్చుందో ఓసారి చూసుకోండి. ఎన్‌ఆర్1డీ1 జీన్ థైరాయిడ్ రిసెప్టర్ ఆల్ఫా జీన్‌కు ఎదురు పోగు మీద ఉంది, చివరి భాగాలు రెండూ ఒకదానిమీద ఒకటి పడతాయి. మీ డ్యూప్లెక్స్ ఆ అతివ్యాప్త భాగంలో ఉంటే దాని ఒక పోగు ఎన్‌ఆర్1డీ1ను, రెండో పోగు టీఆర్ ఆల్ఫా2 సందేశాన్ని కోసే వీలుంది. కొవ్వు మెటబాలిజం చదువుతూ థైరాయిడ్ రిసెప్టర్‌ను కదిపితే ఇక చెప్పేదేముంది.

రంగుసీసా:

పైవారు గడియారం దగ్గర మొదలుపెట్టారు, నేను రంగు దగ్గర మొదలుపెడతాను. మూడో వంతు తక్కువ అన్నది వెల్‌కా, కణానికా? ఎస్‌ఆర్9009 కణాల పెరుగుదలను తగ్గిస్తుంది. 24 గంటల్లో కణాలు నాలుగో వంతు తగ్గినా ఆయిల్ రెడ్ ఓ రీడింగ్ ఆ మేరకు పడిపోతుంది, ఒక్క కణంలోనూ కొవ్వు తగ్గకుండానే. రంగు పట్టించే ముందే హోయెక్స్ట్‌తో కేంద్రకాలు లెక్కపెట్టుకోండి. అది కుదరకపోతే రంగు దించేశాక అదే వెల్‌కు క్రిస్టల్ వయొలెట్ వేసి దాంతో భాగించండి.

స్టెయిన్ చేసే తీరులో మామూలుగా జరిగే పొరపాట్లు చెబుతాను. స్టాక్ 100 మిల్లీలీటర్ల ఐసోప్రొపనాల్‌కు 0.3 నుంచి 0.5 గ్రాములు. వాడే రోజున ఆరు పాళ్లు స్టాక్, నాలుగు పాళ్లు నీళ్లు కలిపి, పది నిమిషాలు ఉంచి, వడకట్టి, రెండు మూడు గంటల్లో వాడేయాలి. నిన్న కలిపింది ఇవాళ వాడితే స్ఫటికాలు కణాల మీద పడి ఎర్ర చుక్కలుగా కూర్చుంటాయి, ప్లేట్ రీడర్‌కు అదీ కొవ్వే. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో ఫిక్స్ చేశాక నీటి తడి ఉండగానే రంగు పోస్తే అదే గతి. మధ్యలో 60 శాతం ఐసోప్రొపనాల్‌తో ఒక కడుగు కావాలి, నిమిషానికి మించొద్దు, మించితే కొవ్వు చుక్కలే కరగడం మొదలవుతుంది. రంగు పది పదిహేను నిమిషాలు, తర్వాత నీళ్లు పారదర్శకంగా వచ్చేదాకా కడగడం, నూరు శాతం ఐసోప్రొపనాల్‌లో దించి 500–520 నానోమీటర్ల మధ్య చదవడం. కణాలే లేని వెల్ ఒకటి మొత్తం వరస దాటించి దాని రీడింగ్ తీసేయాలి. ప్లాస్టిక్ కూడా ఈ రంగును పట్టుకుంటుంది మరి.

ఓలియేట్‌ను కొవ్వు తీసిన బీఎస్‌ఏకు ఏ నిష్పత్తిలో పట్టించారో మీరు రాయలేదు. మోలార్ లెక్కన మూడుకు ఒకటి నుంచి ఆరుకు ఒకటి లోపు ఉంటే సరే. దాటితే విడి ఓలియేట్ పెరిగి దాని విషం వల్లే కణాలు పోతాయి. డీఎంఎస్‌ఓ వెల్స్‌కు కూడా అదే బీఎస్‌ఏ అంతే వెళ్లాలి. ఎస్‌ఆర్9009 నీళ్లలో సులువుగా కరగదు. 10 మిల్లీమోలార్ స్టాక్ చిన్న చిన్న గొట్టాల్లో పంచి గడ్డకట్టించి, మీడియంలో డీఎంఎస్‌ఓ 0.1 శాతం దాటకుండా చూడండి. మందు వేసిన అరగంటకు మైక్రోస్కోప్ కింద సూదుల్లాంటి స్ఫటికాలు కనిపిస్తే మీ 10 మైక్రోమోలార్ కాగితం మీద మాత్రమే 10.

ఆయిల్ రెడ్ ఓ ఒక్కదాని మీద వాదన నిలబెట్టకండి. లిపిడ్ తీసి ట్రైగ్లిజరైడ్ ఎంజైమ్ కిట్‌తో కొలిచి, ప్రోటీన్ మిల్లీగ్రాముకు ఎంతో రాయండి. ఇక హెప్‌జీ2లో పీఎన్‌పీఎల్‌ఏ3 జీన్ రెండు కాపీలూ 148 మెథియోనిన్ రకమే, ఫ్యాటీ లివర్‌కు ముప్పు పెంచే ఆ మార్పే. కొవ్వు చుక్క కరిగే తీరే అందులో వేరు. ఫలితం రాసేటప్పుడు ఈ మాట ఒక వాక్యంలోనైనా చెప్పడం న్యాయం.

ఎలుకగది:

మీ తర్వాతి మెట్టు ఎలుకలే అయితే ఒక్క మాట. చాలా ల్యాబుల్లో దీపాలు ఉదయం ఆరుకో ఏడుకో వెలుగుతాయి, కోతలు పదీ పదకొండుకు జరుగుతాయి. అంటే జెడ్‌టీ4 దగ్గర, దీపాలు వెలిగిన నాలుగో గంట. ఎలుక కాలేయంలో రెవ్-ఎర్బ్ ఆల్ఫా నిండుగా ఉండేది జెడ్‌టీ8 నుంచి 10 మధ్య, దాదాపు ఖాళీగా ఉండేది జెడ్‌టీ22 దగ్గర. 2011లో హెచ్‌డాక్3 జీనోమ్ మీద ఎక్కడెక్కడ కూర్చుందో చూస్తే జెడ్‌టీ10లో పద్నాలుగు వేలకు పైగా చోట్లు, జెడ్‌టీ22లో వంద చిల్లర. అదే ఎలుక, అదే కాలేయం. ఒక్క సమయంలో మాత్రమే నమూనా తీసినవాడు ఈ రెండింట్లో ఏదో ఒకటే చూస్తాడు. సాయంత్రం నాలుగైదింటికి ఒక గుంపు, తెల్లవారుజామున నాలుగైదింటికి ఒక గుంపు పెట్టుకోండి. రెండోది చీకట్లో కాబట్టి సన్నని ఎర్ర దీపం కింద. రాత్రి డ్యూటీ కుదరకపోతే వేరే గదిలో దీపాల టైమర్ తిప్పి కనీసం రెండు వారాలు అలవాటు పడనివ్వాలి.

మేత తూకం రోజూ రాయండి. మందు వల్ల తిండి తగ్గితే కాలేయంలో కొవ్వు ఎలాగూ తగ్గుతుంది. పగటిపూట మాత్రమే మేత పెడితే కాలేయం గడియారం తిరగబడుతుంది, మెదడులోది మాత్రం వెలుగునే నమ్ముకుని ఉంటుంది. అందుకని మందు గుంపు ఎంత తిన్నదో అంతే తినిపించిన కంట్రోల్ గుంపు ఉండాలి, ఆ మేత పెట్టే వేళ కూడా కలవాలి. పొద్దున్నే మొత్తం ఒకేసారి పడేస్తే అది పగటి మేత ప్రయోగం అయిపోతుంది. ఎస్‌ఆర్9009 నోటి ద్వారా సరిగ్గా ఎక్కదు, శరీరంలో ఎక్కువసేపు ఉండదు. 2012 పనిలో కిలోకు 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు పొట్టలోకి ఇంజెక్ట్ చేయాల్సి వచ్చింది. రోజుకు రెండు సూదులంటే ఎలుకకు అదో ఒత్తిడి, కార్టికోస్టిరాన్ పెరుగుతుంది, అది మళ్లీ గడియారాన్ని తాకుతుంది. వాహకం మాత్రమే ఇచ్చిన గుంపుకు కూడా అన్ని సూదులూ పడాల్సిందే.

ఒంటి మొత్తంలో రెవ్-ఎర్బ్ ఆల్ఫా లేని ఎలుకలో కాలేయానికి కొవ్వు పడుతుంది కదా అని అంతా కాలేయం ఖాతాలో వేయకండి. ఒక్క కాలేయంలోనే తీసేస్తే మామూలు మేత వేళల్లో తేడా చాలా తక్కువ, మేత వేళ తప్పించినప్పుడే బయటపడుతుంది. కొవ్వు కణజాలం వాటా అందులో పెద్దది.

లిపిడ్‌లెక్క:

అందరికీ ధన్యవాదాలు. కణాల లెక్క, ట్రైగ్లిజరైడ్ కిట్, ఏబీసీఏ1 వెంటనే పెడతాను. రెండు జీన్లూ తీసేయడమే అసలు పరీక్ష అని అర్థమైంది. క్రిస్పర్‌కు నిధులు పరిమితం, ఒక్కసారే చేయగలం. ఎక్కడ కోయాలి, ఏది తప్పు జరుగుతుంది?

ఆర్‌ఓఆర్‌ఈ_17:

ఒక్కసారే చేయగలిగితే కోసే చోటే కీలకం. డీఎన్‌ఏ పట్టే భాగాన్ని మాత్రం ఫ్రేమ్ చెడకుండా తొలగించే డిజైన్ అస్సలు వద్దు. రెవ్-ఎర్బ్ ఆల్ఫా రెండు రకాలుగా పనిచేస్తుంది. బీమాల్1 లాంటి గడియారపు జీన్ల దగ్గర ఆర్‌ఓఆర్‌ఈ అనే డీఎన్‌ఏ సీక్వెన్స్ మీద తానే కూర్చుంటుంది. కాలేయంలోని కొవ్వు జీన్ల దగ్గర చాలాచోట్ల హెచ్‌ఎన్‌ఎఫ్6 వంటి వేరే ప్రోటీన్ భుజం పట్టుకుని నిలబడుతుంది, దానికి డీఎన్‌ఏ పట్టే భాగం అక్కర్లేదు. 2015లో ఇది తేలింది. ఆ భాగం లేని ముక్క ప్రోటీన్ మిగిలిపోతే గడియారం చెడుతుంది, కొవ్వు పని నడుస్తూనే ఉంటుంది. మీరేమో రిసెప్టర్ పోయిందనుకుంటారు. తప్పు ముగింపుకు ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

ముందు ఎక్సాన్లలో ఫ్రేమ్ చెడేలా, అన్ని ట్రాన్‌స్క్రిప్టుల్లోనూ ఉన్న చోట, జీన్‌కు రెండు గైడ్‌లు పెట్టండి. చివరి భాగం జోలికి వెళ్లొద్దు, థైరాయిడ్ రిసెప్టర్ గొడవ పైన చెప్పాను. ఎన్‌ఆర్1డీ1 ఉన్న 17వ క్రోమోజోమ్ హెప్‌జీ2లో మూడు కాపీలు. సాంగర్ పీక్‌లు సగం సగం కాకుండా మూడో వంతుల్లో వస్తే కంగారు పడకండి, కానీ మూడో కాపీ చక్కగా మిగిలి ఉన్న క్లోన్‌ను నాకౌట్ అని పిలవకండి. డీప్ సీక్వెన్సింగ్ చేయించగలిగితే ఆ ఒక్కచోట డబ్బు పెట్టండి.

రుజువుకు యాంటీబాడీ మీద ఆధారపడితే నెలలు పోతాయి. ఈ ప్రోటీన్ త్వరగా విరిగిపోతుంది, బ్లాట్‌లో గీత రాకపోవడం దేనికీ సాక్ష్యం కాదు. అసలు పరీక్ష పని మీద: రెండూ నిజంగా పోతే నొక్కేవాడు లేక బీమాల్1, ఎన్‌ఎఫ్‌ఐఎల్3 పైకి లేవాలి. లేవకపోతే ఎక్కడో ఒక కాపీ బతికుంది. కనీసం మూడు వేర్వేరు క్లోన్లు, వాటితో పాటే ఒంటరి కణం నుంచి పెంచిన మామూలు క్లోన్లు మూడు. హెప్‌జీ2 క్లోన్ల మధ్య కొవ్వు పట్టే గుణం ఊరికే తేడా ఉంటుంది. ఆ తర్వాత ఆల్ఫాను మళ్లీ పెట్టి చూడండి, ఒకటి మామూలుది, ఒకటి 602వ హిస్టిడిన్ స్థానంలో ఫినైల్అలనిన్ ఉన్నది. హీమ్ పట్టలేని ఆ రెండోది సరిగ్గా నొక్కలేదు కాబట్టి లైగాండ్ వాటా ఎంతో విడదీయొచ్చు.

క్రిస్పర్‌కు ముందు వారం రోజుల్లో అయ్యే చౌక పని ఒకటుంది. బీమాల్1 ప్రమోటర్ లూసిఫరేజ్, దాని పక్కనే ఆర్‌ఓఆర్‌ఈలు రెండూ చెడగొట్టిన అదే ప్రమోటర్. మందు మొదటిదాన్ని మాత్రమే దించితే రిసెప్టర్ దాకా చేరుతోంది. రెండింటినీ సమంగా దించితే విషమైనా కావాలి, లూసిఫరేజ్ ఎంజైమ్‌నే మందు ఆపుతున్నా కావాలి. ఇక్కడ ఇంకో మెలిక: ఆ ఆర్‌ఓఆర్‌ఈల మీద పైకి లాగేది ఆర్‌ఓఆర్ ఆల్ఫా. మీ కణంలో అది తక్కువుంటే నొక్కడానికి అసలు ఏమీ ఉండదు, మందు పనిచేయలేదనుకుంటారు. కాస్త ఆర్‌ఓఆర్ ఆల్ఫా ప్లాస్మిడ్ కూడా కలిపి బేస్‌లైన్ లేపుకోండి.

ఇదే ఉచ్చు ఈఆర్‌ఆర్ అనే ఇంకో ఆర్ఫన్ రిసెప్టర్ల గుంపు మీద పనిచేసేవాళ్లకూ ఉంది. ఎక్స్‌సీటీ790ని ఈఆర్‌ఆర్ ఆల్ఫాను ఆపే మందుగా చాలాకాలం వాడారు. అది మైటోకాండ్రియాలో ప్రోటాన్లను కారించే అన్‌కప్లర్ కూడా. శ్వాసక్రియను నడిపే రిసెప్టర్‌ను చదవడానికి శ్వాసక్రియనే నేరుగా చెడగొట్టే మందు!

వార్డు_నం_6:

రెండో ప్రశ్నకు నా వంతు. మనుషుల్లో తిరుగులేని రుజువు లైగాండ్ వైపు నుంచి రాలేదు, జీన్ వైపు నుంచి వచ్చింది. మొదటి అధ్యాయాన్ని హెచ్‌ఎన్‌ఎఫ్4 ఆల్ఫా అనే ఆర్ఫన్ రిసెప్టర్‌తో మొదలుపెట్టండి. ఆ జీన్‌లో ఒక్క కాపీ చెడితే వచ్చేదే మోడీ1, చిన్న వయసులోనే వంశంలో వచ్చే ఒక రకం షుగర్; 1996లో గుర్తించారు. దీని గూట్లో లినోలిక్ ఆమ్లం కూర్చుని ఉంటుందని 2009లో తేలినా, అది ఉన్నా లేకున్నా రిసెప్టర్ పనిలో పెద్ద తేడా కనబడలేదు. అంటే లైగాండ్ కథ తేలకుండానే జబ్బు కథ తేలింది.

ఓపీలో ఎవరిని అనుమానించాలి? పాతికేళ్ల లోపు షుగర్, లావు కాదు, అమ్మకో నాన్నకో వాళ్ల వైపు ఇంకో తరానికో అలాగే. టైప్ 1 షుగర్‌ను పట్టిచ్చే జీఏడీ, ఐఏ2, జింక్ ట్రాన్స్‌పోర్టర్8 యాంటీబాడీలు మూడూ నెగెటివ్. ఇన్సులిన్ మొదలుపెట్టి మూడు నుంచి ఐదేళ్లయినా సీ-పెప్టైడ్ (సొంత ఇన్సులిన్ ఊరుతోందనడానికి గుర్తు) లీటరుకు 200 పికోమోల్స్ పైనే ఉంటుంది. ఇవి మోడీ3కీ (హెచ్‌ఎన్‌ఎఫ్1ఏ జీన్ చెడితే వచ్చేది) వర్తిస్తాయి. విడదీసేది పుట్టిన బరువు. హెచ్‌ఎన్‌ఎఫ్4ఏ మార్పు ఉన్న పిల్లలు సగటున 790 గ్రాములు ఎక్కువ బరువుతో పుట్టారని 2007 పని చెప్పింది. సగానికి పైగా మాక్రోసోమియా (పుట్టుకలోనే మరీ పెద్ద బిడ్డ), 54 మందిలో 8 మందికి పుట్టగానే షుగర్ పడిపోవడం. కడుపులో ఉండగా ఇన్సులిన్ ఎక్కువ, పాతికేళ్లకు చాలనంత తక్కువ. మూత్రంలో చక్కెర త్వరగా కనబడటం మోడీ3 లక్షణం, దీనిది కాదు. కాబట్టి కేస్ షీట్‌లో అమ్మను అడిగి పుట్టిన బరువు రాయండి, మన దగ్గర ఎవరూ రాయనిది అదే.

మందు విషయం. వీళ్లకు సల్ఫొనైల్‌యూరియా తక్కువ మోతాదే బాగా పనిచేస్తుంది. గ్లిక్లజైడ్ అయితే రోజుకు 20 నుంచి 40 మిల్లీగ్రాములతో, అంటే 80 బిళ్లలో నాలుగో వంతుతోనో సగంతోనో మొదలు. మామూలు టైప్ 2కు ఇచ్చినట్టు ఇస్తే మధ్యాహ్నానికి షుగర్ పడిపోయి వస్తారు. ఏళ్ల తరబడి ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లను జీన్ రిపోర్ట్ చూసి ఇంట్లో కూర్చుని మార్చుకోమని చెప్పకూడదు, ఎండోక్రైనాలజిస్ట్ దగ్గరుండి చేయాల్సిన పని. గర్భంలో బిడ్డకు ఆ మార్పు వచ్చి ఉంటే తల్లి షుగర్ ఎంత అదుపులో ఉన్నా బిడ్డ పెరిగిపోవచ్చు కాబట్టి 28 వారాల నుంచి రెండు వారాలకోసారి స్కాన్. పుట్టాక బిడ్డ షుగర్ మీద కన్నేయాలి, కొందరికి డయాజాక్సైడ్ కావాలి.

రిపోర్ట్ చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఈ జీన్‌కు పీ1, పీ2 అని రెండు ప్రమోటర్లు. బీటా కణంలో నడిచేది దూరంగా ఉన్న పీ2. అసలు ఎక్సాన్లు మాత్రమే చదివే ప్యానెల్ ఆ ప్రమోటర్ మార్పును చూడదు. ఏ ట్రాన్‌స్క్రిప్ట్ లెక్కన అమైనో ఆమ్లం సంఖ్య వేశారో కూడా చూడాలి: ఫ్యాంకోని సిండ్రోమ్‌తో వచ్చే అర్జినిన్–ట్రిప్టోఫాన్ మార్పు పాత వ్యాసాల్లో 76, ఇప్పటి లెక్కలో 63. ఒకటే మార్పు. 114వ అర్జినిన్ ట్రిప్టోఫాన్‌గా మారడం మాత్రం వేరే బాపతు. అది ఉన్నా చాలామందికి చాలాకాలం షుగర్ రాదు, పుట్టిన బరువు పెరగదు, సల్ఫొనైల్‌యూరియాకు స్పందన కూడా అంత బాగుండదు.

తర్వాత డాక్స్1 అనే ఇంకో ఆర్ఫన్ రిసెప్టర్. 1994లో తేలిన ఎక్స్ క్రోమోజోమ్ అడ్రినల్ హైపోప్లేషియా: మగ శిశువు, ఉప్పు పోయి షాక్‌లోకి వస్తాడు, 17 హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ మాత్రం పెరగదు, ఈడు వచ్చినా యుక్తవయసు రాదు. రెవ్-ఎర్బ్‌కు ఇంత సూటి మానవ సాక్ష్యం లేదు, అలాగే రాయండి. ఎఫ్‌ఎక్స్‌ఆర్ ఆర్ఫన్‌గా మొదలై 1999లో పిత్తామ్లాలతో జత కుదిరింది, 2016లో ఒబెటికోలిక్ ఆమ్లం అమెరికాలో పీబీసీ అనే కాలేయ జబ్బుకు మందుగా వచ్చింది, 2025లో అక్కడ మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఆ కథలో ఎస్‌హెచ్‌పీ అనే ఇప్పటికీ ఆర్ఫన్‌గానే ఉన్న రిసెప్టర్ పిత్తామ్లాలు చేసే ఎంజైమ్ సీవైపీ7ఏ1ను నొక్కుతుంది. కొలెస్ట్రాల్ పిత్తంగా మారడం తగ్గి ఎల్‌డీఎల్ పెరుగుతుంది. దురదతో పాటు డాక్టర్లు చూడాల్సి వచ్చిన దుష్ప్రభావాల్లో అదొకటి.

జిమ్‌రాజు:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. ఈ ఎస్‌ఆర్9009 'స్టెనబాలిక్' అని సార్మ్స్ (ఆండ్రోజన్ రిసెప్టర్ మీద పనిచేసి కండ పెంచేవి) లిస్టులో అమ్ముతున్నారు, క్యాప్సూల్. ఎస్‌ఎల్‌యూ-పీపీ-332 కూడా. పరిగెత్తకుండానే పరిగెత్తిన ఫలితం అంటున్నారు. వాడొచ్చా?

ఎలుకగది:

వద్దు. అది సార్మ్ కాదు, ఆండ్రోజన్ రిసెప్టర్‌తో దానికి పనే లేదు. నోటి ద్వారా సరిగ్గా ఎక్కదని పైనే రాశాను, క్యాప్సూల్ అంటే సగం డబ్బు అక్కడే పోయింది. మిగతా సగం ఎక్కితే రిసెప్టర్ లేని కణాల్లో కూడా ఏదేదో చేస్తుందని ఇదే థ్రెడ్‌లో ఉంది. మనుషుల్లో ఏ జబ్బుకూ ఆమోదం లేదు. పోటీల్లో ఉంటే డోపింగ్‌ను అడ్డుకునే సంస్థ వాడా నిషేధిత జాబితాలో పేరుతో సహా ఉంది. ఎస్‌ఎల్‌యూ-పీపీ-332 ఈఆర్‌ఆర్‌లను లేపే అణువు, 2023లో ఎలుకల ఫలితాలు వచ్చాయి, వాటికీ ఇంజెక్షనే.

ఇంకో మాట. లైగాండ్ పక్కాగా తెలిసి, రిసెప్టర్ మీద శుభ్రంగా పనిచేసే అణువు కూడా మందు కాకపోవచ్చు. కొవ్వు, చక్కెర వాడకాన్ని నడిపే పీపీఏఆర్ రిసెప్టర్లూ 1990లో ఆర్ఫన్‌లే. మన హైదరాబాద్‌లో డాక్టర్ రెడ్డీస్ వాళ్లు చేసిన రాగాగ్లిటజార్ రెండు పీపీఏఆర్‌ల మీదా చక్కగా పనిచేసింది, నోవో నార్డిస్క్ చేతిలో మనుషుల ట్రయల్స్ దాకా వెళ్లింది. ఎలుకల్లో మూత్రాశయంలో కణితులు కనబడటంతో 2002లో ఆపేశారు. దీర్ఘకాలపు జంతు పరీక్షలు చేస్తే గానీ అది బయటపడలేదు. మీ క్యాప్సూల్‌కు ఆ పరీక్షలు ఎవరు చేశారో అమ్మేవాడిని అడగండి.

ఆర్‌ఓఆర్‌ఈ_17:

లిపిడ్‌లెక్క గారికి చివరగా: ప్రైమర్లు వెతికేటప్పుడు బీమాల్1 దొరక్కపోతే ఏఆర్‌ఎన్‌టీఎల్ పేరుతో చూడండి, పాత డేటాబేసుల్లో ఆ పేరే ఉంది. ఏఆర్‌ఎన్‌టీఎల్2 వేరే జీన్, దాని ప్రైమర్ ఆర్డర్ చేయకండి. రిఫరెన్స్ జీన్ కూడా ఓలియేట్‌తో, మందుతో కదలనిదని ముందే చూసుకోండి. కొవ్వూ గ్లూకోజూ కదిపే ప్రయోగంలో జీఏపీడీహెచ్ వాడటం నాకు నచ్చదు, పీపీఐఏ, ఆర్‌పీఎల్‌పీ0 రెండూ కలిపి పెట్టండి.